పంటి వేరు చివర తెల్ల చుక్క

పంటి వేరు కొస కోయాలని డాక్టరు చెప్పగానే ఇంటికొచ్చి, అద్దం ముందు నిలబడి, పెదవి పైకెత్తి చూసుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలాగే నిలబడ్డాను. చిగురు మీద చిన్న పొక్కు తప్ప అద్దంలో ఇంకేమీ కనిపించదు. ఇంత పొక్కు కోసం ఎముక దాకా తొలుస్తామంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. రావడం తప్పని నేననను. నా అనుమానం మాత్రం పుట్టిన చోట ఆగలేదు. ఇంట్లో వంటగది దాకా వెళ్ళింది, ఆసుపత్రికి వెళ్ళింది, చివరికి నాకు ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ప్రాణం మీదికి వెళ్ళింది.

ఎనభై ఆరు వేసవిలో మొదలైంది. అప్పటికి నేను అమీర్‌పేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండ్ చెబుతున్నాను. మాది కృష్ణా జిల్లా. నేనూ మా ఆవిడ సుగుణా మధురానగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. నా పనంతా నోటితోనే. గడియారం ముందు పెట్టుకుని, వేగం తగ్గకుండా, పెరగకుండా ఇంగ్లీషు ఉత్తరాలు చదువుతుంటే పిల్లలు గీతలు గీసుకుంటారు. పై వరసలో ముందు పన్ను లేకపోతే సగం అక్షరాలు గాలికి పోతాయి. గీత తప్పుతుంది, పరీక్ష తప్పుతుంది, మాష్టారు మారతాడు.

అంతకు రెండేళ్ళ ముందు సిటీ బస్సు ఒక్కసారిగా ఆగినప్పుడు ముందు సీటు కడ్డీ నా మూతికి తగిలింది. పన్ను ఊడలేదు కాని మెల్లగా నల్లబడింది. ఆ వేసవిలో పై పెదవి ఉబ్బి, ముక్కు పక్కదాకా సలుపు పాకింది. పంజాగుట్టలో ఒక మేడ మీద డాక్టర్ షాహీన్ అనే ఆవిడ పళ్ళ ఆసుపత్రి ఉండేది. అక్కడికి వెళ్ళాను. ఆవిడ పంటికి వెనకనుంచి రంధ్రం చేసి, లోపలి చచ్చిన నరం తీసి, కడిగి, మూసేసింది. వాపు తగ్గింది. నెల తిరక్కుండానే చిగురు మీద పొక్కు లేచింది. నొక్కితే చీము.

"చూడండి సార్, మీ బొటనవేలే పన్ను అనుకోండి," అని ఆవిడ నా వేలు పట్టుకుంది. "మురికి గోరు దగ్గరుంది. పైనుంచి ఎంత కడిగినా అక్కడిదాకా మన చెయ్యి పోదు. పక్కనుంచి చిగురు తెరిచి, ఈ గోరంత కొస కోసేసి, చుట్టూ ఉన్న చీము గీకేసి, కోసిన చోట వెండి మసాలాతో మూసేస్తా. పన్ను మీదే ఉంటుంది. ఫికర్ చేయకండి."

ఆవిడ ఇంత వివరంగా చెబుతుంటే నేను ఆ గదిలో కొత్తగా వచ్చిన కుర్చీ వైపు చూస్తున్నాను. దాని ఖరీదు ఎవరి పళ్ళతో తీరుస్తుందా అని ఆలోచిస్తున్నాను. మొదటి వైద్యం సరిగ్గా చేసి ఉంటే రెండోది ఎందుకు అని కూడా. వెండి మసాలా మాట ఆ చెవిన పడి ఈ చెవిన పోయింది.

ఎవరికీ చెప్పకుండా అమీర్‌పేటలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనకు పరీక్ష పెట్టాను. నరం తీయించుకున్న సంగతి చెప్పలేదు. నిజంగా తెలిసినవాడైతే తనే కనిపెడతాడని నా లెక్క. ఆయన వేలితో తట్టి చూసి, "ఎందుకండీ ఈ అవస్థ, పీకేద్దాం," అన్నాడు. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని మా అమ్మ చెప్పేది. ఈయనకు ఆ మాత్రం కూడా తెలియదా అనుకుంటూ మెట్లు దిగాను.

ఇంటికొచ్చి సుగుణకు చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా వింది.

"కోద్దామన్నావిడ డబ్బుకోసం కోస్తానంటోంది. పీకుదామన్నాయన పని రాక పీకుతానంటున్నాడు. మూడో ఆయన దగ్గరికి వెళ్తే, ఏమీ చెయ్యక్కర్లేదు ఇంటికి పొమ్మన్నాడనుకోండి. ఆయన్నేమంటారు?" అంది.

"వాడికి డిగ్రీ ఉందో లేదో చూడాలంటాను," అన్నాను.

నేను హాస్యమాడుతున్నానని ఆవిడ నవ్వింది. నేను హాస్యమాడలేదు.

చివరికి పంజాగుట్టకే వెళ్ళాను. నమ్మి కాదు. కన్ను పోతుందన్న భయం, నోట్లో సందు పడుతుందన్న భయం కలిసి నన్ను అక్కడికి తోశాయి.

ఆపరేషన్ ఆషాఢంలో జరిగింది. బల్కంపేట ఎల్లమ్మ గుడి వైపు బోనాల జనంతో రోడ్లన్నీ నిండిపోయి, బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఉబ్బిన మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, డప్పుల మధ్యనుంచి సుగుణ వెనక నడుచుకుంటూ వెళ్ళాను.

మత్తు సూది చిగురులో మూడు నాలుగు చోట్ల గుచ్చారు. కాసేపటికి ముక్కు ఉందో లేదో తెలియలేదు. తర్వాత నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే భయంగా ఉంది. ఎముక తొలిచే చప్పుడు చెవిలో వినపడదు, పుర్రెలో వినపడుతుంది. అక్కడ యాదగిరి అని ఒక అటెండరు ఉండేవాడు. బోరబండ మనిషి. ఒక చేత్తో నా పెదవి పైకి లాగి పట్టుకుని, రెండో అరచేతిని నా తల కింద పెట్టాడు.

"ముక్కుతోని ఊపిరి తీస్కోండి సారూ. గట్లనే. మస్తు ఓపిక మీకు," అన్నాడు.

నాకు ఓపిక లేదని అతనికి తెలుసు. అయినా ఆ మాట అన్నాడు. మధ్యలో డాక్టరూ అతనూ ఉర్దూలో ఏదో మాట్లాడుకున్నారు. నాకు ఉర్దూ రాదు. ఏదో పొరపాటు జరిగిందనీ, నాకు తెలియకుండా సర్దుకుంటున్నారనీ నిర్ణయించుకున్నాను. నా తల మోస్తున్న చేతి మీద కూడా అనుమానపడ్డాను.

కుట్లు వేసి, అయిదు రోజులకు మాత్రలు రాసి పంపారు. ఒక్కటి కూడా మానకూడదని డాక్టరు రెండుసార్లు చెప్పింది.

కోత పడిన మనిషికి మావైపు పప్పు పెట్టరు. పప్పు తింటే పుండు చీము పడుతుందంటారు. సుగుణ పాత బియ్యం మెత్తగా వండి, బీరకాయ ఉడికించి, కారం లేని చారు పెట్టేది. పథ్యం నేను తు.చ. తప్పకుండా చేశాను. మాత్రల దగ్గరికి వచ్చేసరికి, రెండో రోజుకే నాలుక పూసింది, కడుపులో మంట పుట్టింది. వేడి చేసిందనుకున్నాను. ఇన్ని మాత్రలు రాయడం కింద ఉన్న మందుల షాపు వాడి కోసమేనని కూడా అనుకున్నాను. మిగిలినవి చొక్కా జేబులో వేసి, పలచటి మజ్జిగ తాగడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. పప్పు గింజకు భయపడ్డవాణ్ణి, మందు మానడానికి భయపడలేదు.

వారం తిరిగేసరికి మూతి మళ్ళీ ఉబ్బింది. కుట్ల మధ్యనుంచి చేదు నీరు నోట్లోకి దిగుతోంది.

ఆ పూట అన్నం ముందు కూర్చుని చారు గరిటెతో కలిపి, ఎత్తి వాసన చూశాను. "ఇందులో పప్పుకట్టు పోశావా?"

"పోయలేదు."

"చిక్కగా ఉంది."

"మిరియాలు నూరి పోశాను."

"మిరియాలకింత చిక్కదనం రాదు. మొన్న పక్కింటావిడ గిన్నెతో ఏదో తెచ్చింది. ఏం తెచ్చింది?"

సుగుణ గరిటె నా చేతిలోంచి తీసుకుని గిన్నెలో పెట్టింది. "షార్ట్‌హ్యాండ్ మాష్టారు కదా. నేను చెప్పేది గీతలు గీసుకోండి, మళ్ళీ మళ్ళీ అడిగే పని తప్పుతుంది. మీ మొహం ఉబ్బాలని నేనెందుకు కోరుకుంటాను? రాత్రంతా ఆ మూలుగు వినేది నేనే కదా."

నేను కంచం ముందునుంచి లేచిపోయాను. ఆవిడా తినలేదు. తర్వాత రెండు రోజులు అవసరమైన మాటలు తప్ప ఆ ఇంట్లో మాటల్లేవు. జేబులో మాత్రలు ఉన్న చొక్కా కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

వంటలో ఏమీ దొరక్కపోయేసరికి ఆసుపత్రిలో వెతికాను. వేరే చోట పంటికి ఎక్స్‌రే తీయించుకుని, ఆ చిన్న ఫిల్మును రోడ్డు మీదే ఎండకు పట్టి చూశాను. బూడిద రంగు పన్ను, దాని చుట్టూ నల్లటి నీడ, వేరు కొసన మెరుస్తూ తెల్లటి చుక్క. నూకంత ఉంది. ఎముక అలా మెరవదు. లోహమే. పనిముట్టు కొస విరిగి లోపల ఉండిపోయింది, ఉర్దూలో మాట్లాడుకున్నది దాని గురించే అని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు భయం కన్నా సంతోషం ఎక్కువ కలిగింది. ఇన్నాళ్ళూ అనుమానపడ్డందుకు ఒక ఆధారం దొరికింది.

తిన్నగా పంజాగుట్ట వెళ్ళాను. బయటి గదిలో నలుగురైదుగురు రోగులు ఉన్నారు. మూల బెంచీ మీద ఒక కూలి మనిషి, గడ్డం కిందనుంచి తలమీదికి తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. ఒక వైపు దవడ కొబ్బరికాయంత ఉంది. పక్కన అతని భార్య. వాళ్ళు యాదగిరి ఉండే గల్లీవాళ్ళనీ, అతనే తీసుకొచ్చాడనీ, మనిషి పేరు మల్లయ్య, ఆమె పేరు బాలమణి అనీ నాకు తర్వాత తెలిసింది. దవడ పంటి వేర్ల కింద పట్టిన చీము ఆ రోజే కోసి తీయాలని డాక్టరు వాళ్ళను కూర్చోబెట్టింది.

నేను ఫిల్ము పైకెత్తి, లోపలికి వినపడేలా అన్నాను. "ఏం డాక్టరుగారూ, నా ఎముకలో మీ సామాను మర్చిపోయారు. తిరిగి తీసుకుంటారా, నన్నే ఉంచుకోమంటారా?"

బాలమణి నావైపు తిరిగింది. "ఏందన్నా, ఇనుప ముక్క లోపల్నే ఇడిసిపెట్టిందా?"

"ఇదిగో, కళ్ళతో చూడు. మీవాణ్ణి కోయించే ముందు బాగా ఆలోచించుకో," అన్నాను.

ఆమె ఫిల్ము వైపు ఒకసారి చూసింది. మొగుడి చెయ్యి పట్టుకుని లేపింది. డాక్టరు బయటికి వచ్చేసరికి వాళ్ళు మెట్లు దిగుతున్నారు. యాదగిరి వాళ్ళ వెనక పరుగెత్తాడు.

డాక్టర్ షాహీన్ ఫిల్ము తీసుకుని కిటికీ దగ్గర పట్టుకుంది. గొంతు పెంచలేదు. "ఇది నేను పెట్టిన వెండి మసాలా. కోసిన వేరు కొసన మూత. మీ వేలు పట్టుకుని చెప్పాను ఆ రోజు. మూత చక్కగా ఉంది. వాపు ఎందుకు తగ్గలేదో నాకూ తెలియాలి. గోలీలు మొత్తం వేసుకున్నారా?"

"వేసుకున్నాను," అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహం చూసి ఫిల్ము తిరిగి ఇచ్చింది. "ఆ వెళ్ళిపోయిన మనిషిది మీకంటే పెద్ద బాధ సార్. చీము మెడలోకి దిగితే ఊపిరాడదు," అని లోపలికి వెళ్ళిపోయింది. యాదగిరి ఒక్కడే తిరిగి వచ్చాడు.

అబద్ధం చెప్పి వచ్చిన మనిషికి అనుమానం ఇంకా ఎక్కువ అవసరమవుతుంది. ఆ రాత్రి కూడా, ఆవిడ తప్పు కప్పిపుచ్చుకోవడానికే మాత్రల మాట ఎత్తిందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మర్నాడు పొద్దున్నే క్లాసులో ఉత్తరం చదువుతుండగా యాదగిరి గుమ్మంలో నిలబడ్డాడు. బయటికి వెళ్ళాను.

"సారూ, మల్లయ్య నోరు తెరుస్తలేడు. గుటక పడ్తలేదు. మెడ సుత వాచింది. ఆకు పసరు కట్టిన్రు. నేను జెప్తే ఇంటలేరు, డాక్టరమ్మ మనిషినంటున్రు. పెద్దాసుపత్రికన్న పోదామంటే కోసుడు మాటే వద్దంటుండు." కిందికి చూస్తూ అన్నాడు, "మీ మాట మీదనే లేచి పోయిండు. మీరొచ్చి చెప్తే ఇంటడేమో."

ఇంటికి వెళ్ళి సుగుణకు జరిగిందంతా చెప్పాను. మాత్రల సంగతి ఒక్కటి తప్ప. ఆవిడ కొక్కేనికున్న చొక్కా జేబులోంచి మాత్రలు తీసి నా చేతిలో పోసింది.

"ఉతకడానికి తీసినప్పుడు చూశాను. మీరే చెబుతారని ఊరుకున్నాను. ఇవి చూపించకుండా వాళ్ళకేం చెబుతారు?" అంది. తను కూడా చెప్పులేసుకుని బయల్దేరింది.

బోరబండలో రేకుల ఇంటి ముందు మల్లయ్య మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదట. నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. నన్ను చూసి గుర్తుపట్టాడు. బాలమణి నాకూ మంచానికీ మధ్య నిలబడింది.

"అమ్మా, నిన్న నేనన్నది తప్పు," అన్నాను. "లోపల మర్చిపోయిందేమీ లేదు. అది ఆవిడ కావాలని పెట్టిన మందు మూత. నేను మాత్రలు మానేశాను, వాపు ఆ తర్వాతే వచ్చింది. ఇవిగో. డాక్టరు అడిగితే వేసుకున్నానని అబద్ధం కూడా చెప్పాను."

ఆమె మాత్రల వైపు, నా ఉబ్బిన మూతి వైపు చూసింది. "నిన్న గామెది తప్పన్నవ్. ఇయ్యాల నీది తప్పంటున్నవ్. నడుమ గామెనే నీ ఇంటికొచ్చి బతిమాలిందో, బెదిరించిందో. నాకేమెరుక?"

నేను బిత్తరపోయాను. నేనైతే సరిగ్గా అదే అడిగేవాణ్ణి. ఆమె నన్ను వదిలి సుగుణ వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు చెప్పు. నీ మొగడు చెప్పేది నిజమేనా?"

"ఈ ఒక్కటీ నిజమే," అంది సుగుణ.

బాలమణి మొగుడి వైపు చూసింది. మంచం మీద మల్లయ్య గొంతులోంచి గరగర చప్పుడు వస్తోంది. "సరే. వస్తం. గని ముందు నువ్వు గా కుర్చీల కూసోవాలె. నీది కోస్తుంటె నేను కండ్లార చూడాలె. గప్పుడు ఈన్ని కూసోబెడ్త."

ఆటోలో మల్లయ్యను మధ్యలో కూర్చోబెట్టాం. యాదగిరి డ్రైవరు పక్కన వేలాడుతూ, "జర జల్ది భాయ్," అంటూనే ఉన్నాడు. ఆ దారంతా మల్లయ్య ఊపిరి చప్పుడు వింటూ, ఆగితే ఏం చెయ్యాలో తెలియక, అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అతను విదిలించుకోలేదు. విదిలించుకునే శక్తి లేదేమో.

బయటి గదిలో ఆ రోజూ జనం ఉన్నారు. డాక్టరు గుమ్మంలోకి రాగానే చెప్పాను. "గోలీలు నేను మానేశాను. నిన్న మీ మీద వేసిన నింద అబద్ధం."

"లోపలికొచ్చి మాట్లాడండి," అందావిడ మెల్లగా.

"నిన్న అన్నది ఇక్కడే. లోపల చెబితే చెల్లదు," అని, కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి ఇంకోసారి చెప్పాను. ఒక పెద్దాయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

ఆవిడ మల్లయ్య మెడ తడిమి చూసి, వెంటనే అతనికి సూది మందు వేసి, "ఎక్కువ ఆగలేం," అంది. బాలమణి కదల్లేదు. నావైపు వేలు చూపించింది. డాక్టరుకు అర్థమైంది. నాకూ కుట్లు విప్పి చీము తీయాల్సిన పని ఎలాగూ ఉంది. కుర్చీ ఎక్కాను. తలుపు తెరిచే ఉంచారు. గుమ్మంలో బాలమణి, ఆమె భుజం మీద వాలి మల్లయ్య.

చీము పట్టిన చోట మత్తు సరిగ్గా పట్టదట. ఆవిడ ముందే చెప్పింది, ఈసారి విన్నాను. కత్తెర కుట్టును తెంచింది. సన్నటి పనిముట్టు లోపలికి వెళ్ళింది. వెన్నులోంచి మెరుపు పాకినట్టయింది. కుర్చీ చేతులు పట్టుకుని, మొహంలో ఏమీ కనపడనివ్వకూడదని బిగుసుకున్నాను. నేను మూలిగితే ఆమె మళ్ళీ మొగుణ్ణి తీసుకుని మెట్లు దిగుతుంది. కాని కళ్ళు నా మాట వినలేదు. రెండు చెంపల మీదుగా నీళ్ళు చెవుల్లోకి దిగాయి.

"నొస్తుందా?" గుమ్మంలోంచి అడిగింది బాలమణి.

డాక్టరు చెయ్యి ఆపింది. యాదగిరి నా పెదవి వదిలాడు. లేదని చెబితే మల్లయ్య వస్తాడనుకున్నాను. ఆ మాట నోటి దాకా వచ్చింది. కాని అబద్ధంతోనే ఇతన్ని ఒకసారి పంపేశాను.

"నొప్పిగా ఉంది," అన్నాను దూది మధ్యనుంచి. "చాలా నొప్పిగా ఉంది. కానీ ఓర్చుకోవచ్చు."

ఆమె నా మొహం చూస్తూ అలాగే నిలబడింది. డాక్టరు పని పూర్తిచేసి, ఉప్పునీళ్ళతో కడిగి, లేవమంది. నేను దిగాను. బాలమణి మొగుడి తలకట్టు విప్పుతూ అతని చెవిలో అంది. "పో, కూసో. గీసారి అబద్ధం చెప్తలేడు."

మల్లయ్యకు లోపలి దవడ పళ్ళు రెండు పోయాయి. దవడ కింద కోసి, చీము కారడానికి సన్నటి రబ్బరు గొట్టం పెట్టారు. ఆ సాయంత్రానికి గుటక పడింది. పది రోజులకు పనిలోకి వెళ్ళాడని యాదగిరి చెప్పాడు. ఒక్క పూట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

నేను మాత్రలు మొదటినుంచి మొదలుపెట్టి చివరిదాకా వేసుకున్నాను. నాలుక పూసింది, కడుపు మండింది, మానలేదు. సుగుణ చారు ఎలా పెట్టిందో అడగడం మానేశాను. ఎనభై ఏడు వేసవిలో తీసిన ఎక్స్‌రేలో వేరు చుట్టూ ఉన్న నీడ చాలావరకు పోయింది. డాక్టరు ఫిల్మును వెలుగుకు పట్టి నాకు చూపించి, అక్కడ కొత్త ఎముక పెరుగుతోందంది.

"పూర్తిగా నయమైనట్టేనా?" అడిగాను.

"ఇప్పటికి బాగుంది. కొందరికి ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది. వచ్చే ఏడాది చూద్దాం."

ఇప్పటికి అంటే ఏమిటి, ఏదైనా దాస్తోందా అన్న ఆలోచన అలవాటుగా లేచింది. అది నాలో పోలేదు, పోతుందని రాయలేను. ఈసారి దాన్ని మెట్ల దాకా మోసుకుపోకుండా అక్కడే అడిగాను. "నాకు చెప్పనిది ఏమైనా ఉందాండీ?"

ఆవిడ స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. చివరిదాకా విన్నాను.